కట్టించినవారు – కట్టినవారు

ధ్యాన భాగములు: యెహోషువ 4:1–7, యిర్మీయా 22:13–17, మార్కు 12:38 – 13:2



ఇశ్రాయేలీయులు యొర్దాను దాటిన దినమున నది నడుమనుండి పండ్రెండు రాళ్లు ఎత్తి తెచ్చి గిల్గాలులో నిలువబెట్టిరి. ఎందుకు? ముందు ముందు పిల్లలు ఆ రాళ్లను చూచి, ఇవి ఏమిటని అడుగుదురు గనుక. అప్పుడు తండ్రులు చెప్పవలసిన జవాబును దేవుడు ముందుగానే నేర్పెను. రాళ్లు కనబడినచోట పిల్లలు ప్రశ్నలు వేయుదురని పరలోకమందున్న మన తండ్రికి బాగుగా తెలియును.

యొర్దాను రాళ్లకు జవాబు లేఖనములో నున్నది. మన దేశపు కోటల రాళ్లకును మేడల రాళ్లకును జవాబు మనమే వెదకికొనవలసి యున్నది. బిడ్డకు రాజుగారి మహలు చూపింప తీసికొనిపోయిన క్రైస్తవ తల్లిదండ్రులు ఆ బిడ్డకు ఏమి చెప్పవలెను? ఆహా, ఎంత అందమని మెచ్చుకొనవలెనా? అంతయు వ్యర్థమని తల త్రిప్పుకొనవలెనా? ఇది చిన్న ప్రశ్న కాదు. బిడ్డ నేడు దేనిని చూచి గొప్ప అనుకొనునో, రేపు పెద్దవాడై దానినే వెదకును.

ఒక పిల్లవాని మూడు ప్రశ్నలు

మన పల్లె సంఘములనుండి పనికొరకు పట్నము చేరిన కుటుంబములు అనేకములు. వాటిలో ఒకటి హైదరాబాదులోని కృష్ణానగరులో కాపురమున్నది. జూబిలీ హిల్సు, ఫిలింనగరు అను పేర్లు మీరు వినియుందురు. సినిమా ధనవంతుల మేడలు ఆ గుట్టలమీద నున్నవి. ఆ సినిమాకు చెమటోడ్చువారిలో అనేకులు క్రింద కృష్ణానగరు ఇరుకు సందులలో నుందురు. గుంపులో నిలుచు నటులు, దీపములు మోయువారు, రంగులు వేయువారు, వడ్రంగులు తెల్లవారకముందే లేచి, ఆ దినము పిలుపు వచ్చునో రాదో యని ఎదురుచూచుట అక్కడి బ్రదుకు.

మేము చెప్పు కుటుంబ యజమాని మెదకు ప్రాంతపు వడ్రంగి. సినిమాలకు సెట్లు వేయుట అతని పని. ప్లైవుడ్డుతోను ప్లాస్టరుతోను థర్మోకోలుతోను అతడు కట్టని రాజభవనము లేదు. చిత్రీకరణ ముగియగానే వాటిని ఊడదీయుటయు అతని పనియే. గడచిన దసరా సెలవులలో అతడు తన తల్లిని, భార్యను, ఎనిమిదేండ్ల కుమారుని వెంటబెట్టుకొని, చార్మినారు దగ్గరనున్న చౌమహల్లా మహలు చూడబోయెను. మేమును వారితో కూడ వెళ్లితిమి.

ఆసఫ్‌జాహీ ప్రభువుల దర్బారు జరిగిన స్థలమది. ఖిల్వత్ అను దర్బారు మంటపములో చలువరాతి గద్దె యున్నది. పైన 19 పెద్ద గాజు షాండిలియర్లు వ్రేలాడుచున్నవి. జనులందరు తలలెత్తి వాటిని చూచుచుండగా, ఆ పిల్లవాడు మాత్రము ఒక స్తంభము దగ్గరకు పోయి, వ్రేళ్ల కణుపులతో తట్టి చెవి యొగ్గెను.

“నాన్నా, లోపల డొల్ల లేదు. ఇది సెట్టు కాదు, నిజందే!” అనెను. తరువాత, “మరి ఎవరు కట్టిండ్రు?” అని అడిగెను.

“నిజాం కట్టించిండు బిడ్డా.”

“కట్టించినోళ్లు కాదు నాన్నా. కట్టినోళ్లెవరు? నీలెక్క?”

తండ్రికి జవాబు తోచలేదు. పిల్లవాడు ఇంకొక ప్రశ్న వేసెను: “వాళ్లకు పేమెంటు వచ్చిందా?”

తండ్రి మొదట నవ్వెను, తరువాత నవ్వలేదు. రావలసిన డబ్బు రాలేదను మాట ఆ బిడ్డ చెవిని ఇంటిలో ఎన్నిమారులు పడినదో అతనికి తెలియును.

ఇంతలో ముసలితల్లి మంటపపు మెట్లదగ్గర చెప్పులు విడిచి, వాటిని చేతబట్టుకొని నిలుచుండెను. అక్కడి కావలివాడు, “అవసరం లేదమ్మా, చెప్పులతోనే రావచ్చు” అని మర్యాదగానే చెప్పెను. పిల్లవాడు ఆశ్చర్యపడి, “నాయనమ్మా, ఇది చర్చియా?” అనెను. ఆమె ఇట్లనెను: “కాదు బిడ్డా. మా ఊళ్లె దొర గడి ముంగటికెల్లి పోవాలంటె మా నాయన చెప్పులు చేతవట్టుకొని పోయెటోడు. గా భయం నా కాళ్లల్లకెల్లి ఇంక పోలే.”

ప్రియులారా, ఈ మాటలను ఇక్కడ వ్రాసినది ఆ కుటుంబమును గూర్చి చెప్పుకొనుటకు కాదు. పిల్లవాని ప్రశ్నలు మూడు: ఇది నిజమైనదా? దీనిని కట్టినవారెవరు? వారికి కూలి ముట్టినదా? ఏ గొప్ప కట్టడము ముందర నిలిచినను క్రైస్తవుడు అడుగవలసిన ప్రశ్నలు ఇవే యని మాకు తోచుచున్నది.

ఒక్క అక్షరపు భేదము

మన తెలుగు భాషలో ఒక మేలు కలదు. ‘కట్టెను’ అనుట వేరు, ‘కట్టించెను’ అనుట వేరు. ఒక్క అక్షరములో రాజును కూలివానిని వేరుపరచి చూపగల భాష మనది. అయినను మనము ఆ మేలును వాడుకొనుట లేదు. కట్టించినవాని పేరు పలుకగానే చరిత్రమంతయు చెప్పితిమనుకొందుము.

చౌమహల్లా పని 18వ శతాబ్దపు నడుమ సలాబత్ జంగు కాలమున మొదలై, 1857 మొదలు 1869 వరకు ఏలిన అఫ్జలుద్దౌలా కాలమున పూర్తియైనది. ఈ పేర్లు పుస్తకములలో నున్నవి. డంగు సున్నము నూరినవారెవరు? ఆ తడి సున్నముతో గోడలమీద లతలును పువ్వులును తీర్చిన చేతులెవరివి? ఆ పేర్లు మన చరిత్ర పుస్తకములలో కానరావు.

కట్టించినవాని పేరైనను ఎంతకాలము నిలుచును? అదే పట్నములో ఫలక్‌నుమా మహలును ప్రధానమంత్రియైన వికారుల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టి మిక్కిలి వ్యయముతో కట్టించెను. కొన్ని సంవత్సరములకే అది ఆరవ నిజామైన మహబూబ్ అలీఖాను చేతికి పోయెను. 1911లో ఆ నిజాము అందులోనే చనిపోయెను. 2010 నుండి అది ధనికులు బస చేయు హోటలుగా నున్నది. తాను కష్టపడి సంపాదించినది తన వెనుక వచ్చువానికి విడువవలెనే యని ప్రసంగి రెండవ అధ్యాయములో పడిన వేదన ఇదియే గదా. సినిమా సెట్టు నెలలో కూలును, రాతి మేడ రెండువందల ఏండ్లు నిలుచును. అంతే భేదము.

లేఖనము మాత్రము పేర్లను మరువదు. సొలొమోను మందిరమును కట్టించెనని చెప్పిన పిమ్మట, ఇత్తడిపని చేసిన హీరామును గూర్చి, అతడు నఫ్తాలి గోత్రపు విధవరాలి కుమారుడని సహితము వ్రాసియున్నది. ప్రత్యక్షగుడారపు పని చేసిన బెసలేలును అహోలీయాబును దేవుడే పేరుపెట్టి పిలిచెను. నెహెమ్యా గ్రంథము మూడవ అధ్యాయమును మనము పేర్ల పట్టికయని దాటివేయుదుము. ఆగి చదువుడి. ఎవరు ఏ గుమ్మము బాగుచేసిరో, ఎవరు ఏ గోడ ఎత్తిరో అందులో నున్నది. షల్లూము కుమార్తెలు పనిచేసిరని 12వ వచనములో నున్నది. తెకోవ ఊరి గొప్పవారు పనికి మెడ వంచలేదని 5వ వచనములో నున్నది. దేవుని లెక్కపుస్తకములో కట్టినవారి పేరు వేరుగా, కట్టనివారి పేరు వేరుగా నుండును.

ప్రవక్త అడిగిన ప్రశ్న

యూదా రాజైన యెహోయాకీము విశాలమైన మేడ కట్టించెను. కిటికీలు తీయించెను, దేవదారు పలకలు పరపించెను, ఇంగిలీకపు రంగు వేయించెను. యిర్మీయా ప్రవక్త వచ్చి ఆ మేడను చూచి మెచ్చుకొనలేదు, వాస్తు దోషము లెక్కపెట్టనూ లేదు. పొరుగువానిచేత పని చేయించుకొని కూలి ఇయ్యకపోయితివని అడిగెను. దేవదారు ఎక్కువగా వాడినంత మాత్రాన రాజగుదువా యని అడిగెను. ఇది మన కృష్ణానగరు పిల్లవాడు అడిగిన మూడవ ప్రశ్నయే.

వెట్టి యను మాట మన పల్లెలకు క్రొత్త కాదు. పట్నములో మహలు దీపములతో వెలుగుచుండగా, తెలంగాణపు పల్లెలలో దొరలును జాగీరుదారులును ఊరివారిచేత వెట్టి చేయించుకొనిరి. మన పితరులలో అనేకులు ఆ వెట్టి చేసినవారే. జాగీర్లు 1949లో రద్దయ్యెను. వెట్టి చాకిరిని నిషేధించు శాసనము దేశమంతటికిని 1976లో వచ్చెను. చట్టము కాగితముమీద నుండి వీపుమీదికి దిగుటకు కాలము పట్టును. కాళ్లలోని భయము తొలగుటకు ఇంకను ఎక్కువ కాలము పట్టునని ఆ ముసలితల్లి చేతిలోని చెప్పులు మాకు నేర్పినవి.

మన తెలుగు బైబిలులో వెట్టి యను మాట ఐగుప్తు కథలోనే గాక సొలొమోను కథలోను కనబడును. దేవుని మందిరమునకు ఏడేండ్లు, తన యింటికి పదుమూడేండ్లు పట్టించిన ఆ రాజు ప్రజల మెడమీద బరువైన కాడి నుంచెను. అతడు చనిపోగానే జనులు మొట్టమొదట అడిగినది ఆ కాడి తగ్గింపుమనియే. అతని కుమారుడు వినలేదు గనుక రాజ్యము రెండుగా చీలెను. వెట్టిపనివారిమీది అధికారిని జనులు రాళ్లతో కొట్టి చంపిరి. ఎంత జ్ఞానియైనను, ఎంత చక్కని మందిరము కట్టించినను, కూలివాని మూలుగు పునాదిలో నున్నయెడల ఆ యిల్లు పగులును.

అయితే న్యాయము తప్పి మాటలాడరాదు. రాజులందరు చెడ్డవారనియు, మేడలన్నియు పాపములనియు బిడ్డకు నేర్పుట సత్యము కాదు. యిర్మీయా కూడ ఆ రాజు తండ్రియైన యోషీయాను జ్ఞాపకము చేసెను. ఆయనయు అన్నపానములు పుచ్చుకొనెను. అయినను దీనుల వ్యాజ్యెమును న్యాయముగా తీర్చెను; దేవుని ఎరుగుట అనగా అదియే యని ప్రవక్త చెప్పెను. హైదరాబాదులో 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి వేలమందిని బలిగొనెను. తరువాత మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారి ఆలోచనచొప్పున వరదను ఆపుటకును జనులకు త్రాగునీరిచ్చుటకును 1920లో ఉస్మాన్ సాగరు, 1927లో హిమాయత్ సాగరు పూర్తియైనవి. మంజీరానదిమీద 1931లో నిజాం సాగరు పూర్తియై పొలములకు నీళ్లిచ్చెను. ఇవన్నియు ఏడవ నిజామైన ఉస్మాన్ అలీఖాను కాలపు పనులు. బిడ్డకు మహలు చూపినవారు తీరికయున్నప్పుడు ఆ చెరువుకట్ట కూడ చూపవలెను. ‘రాజు తన కొరకు కట్టించినది అది, ప్రజల కొరకు కట్టించినది ఇది’ అని చెప్పవలెను. తూచుట బిడ్డ తానే నేర్చుకొనును.

ప్రభువు ఎవరిని చూచెను

అందమును చూచి ఆనందించుట తప్పా? మార్కు సువార్త 13వ అధ్యాయపు ఆరంభములో ఒక శిష్యుడు పిల్లవానివలెనే యెరూషలేము దేవాలయపు రాళ్లను చూచి ఆశ్చర్యపడి ప్రభువునకు చూపెను. ప్రభువు అతని గద్దింపలేదు. రాయిమీద రాయి నిలువదని మాత్రము సెలవిచ్చెను.

అధ్యాయము మారుచోట మనము పుస్తకము మూయుట అలవాటు గనుక, దానికి ముందున్న మాట మనకు తట్టదు. అంతకు ముందే అదే దేవాలయములో ప్రభువు కానుకపెట్టె ఎదుట కూర్చుండి, ఒక బీద విధవరాలు రెండు కాసులు వేయుట చూచెను. దానికి ముందు, విధవరాండ్ర యిండ్లను మ్రింగివేయు పెద్దలను గూర్చి హెచ్చరించెను. ఒకే స్థలము, ఒకే దినము. శిష్యులు రాళ్లను చూచిరి. ప్రభువు విధవరాలిని చూచెను. శిష్యుల కన్నులకు కట్టడము పెద్దది, ఆమె చిన్నది. ఆయన కన్నులకు కట్టడము కూలునది, ఆమె కానుక నిలుచునది.

కాబట్టి మేము కనుగొనిన జవాబిది: బిడ్డను అందము చూడనియ్యుడి. షాండిలియర్ల వెలుగు దేవుడు మనుష్యుని చేతికిచ్చిన నేర్పే. సున్నపు పువ్వును మెచ్చుకొనుట ఆ పువ్వు తీర్చిన పేరులేని చేతిని గౌరవించుటయే. అయితే అక్కడ ఆపివేయవద్దు. ఆ వెలుగులో ఎవరు కనబడుటలేదో కూడ వెదకుమని నేర్పుడి.

మన కట్టడముల సంగతి

రాజులను అడిగిన ప్రశ్నలను మనలను మనము అడుగుకొననియెడల ఈ ధ్యానము వ్యర్థము. మెదకు మహాదేవాలయము మనలో అనేకులు చూచినదే. 175 అడుగుల గోపురముతో నిలిచిన ఆ రాతిగుడి పని 1914లో మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. 2024లో దానికి నూరేండ్లు నిండెను. పోస్నెట్టు దొరగారు కరవుకాలములో ఆకలిగొన్నవారికి ఆ పనిని కల్పించి అన్నము పెట్టిరని మన పెద్దలు చెప్పుచు వచ్చిరి. ఆకలిగొన్నవాని కడుపు నింపుచు లేచిన గోపురమది. అందుకొరకు దేవునికి స్తోత్రము. అయితే అక్కడ కూడ మనకు తెలిసినది కట్టించిన దొరగారి పేరే. రాళ్లు మోసిన తల్లుల పేర్లు మన ప్రభువునకు తెలియును, మనకు తెలియదు.

మన ఊరి చిన్న గుడికి రండు. ప్రవేశమునొద్ద శిలాఫలకము. ఫంకా రెక్కమీద దాత పేరు. కుర్చీ వెనుక పేరు, మైకుమీద పేరు. దాతలను నిందింపము, వారి యిచ్చు మనసు మంచిదే. కాని ఇసుక మోసిన యౌవనస్థుని పేరు ఏ రెక్కమీద నున్నది? గుప్పెడు గుప్పెడుగా బియ్యము తీసి దాచి, గుడి తలుపుకొరకు ఇచ్చిన స్త్రీల పేర్లు ఎక్కడ? ప్రతి ఆదివారము ముందుగా వచ్చి ఊడ్చి గంట కొట్టు ముసలివాని పేరు పిల్లలకు తెలియునా?

ఇంకొక మాట. కొన్ని సంఘములలో క్రొత్త గోపురమునకు చందా వసూలగుచుండగా, సువార్తికుని జీతము నెలల తరబడి నిలిచిపోవుచున్నది. బైబిలు స్త్రీకి ‘దేవుడిచ్చునమ్మా’ అని చెప్పి పంపుచున్నారు. సున్నము వేసిన మేస్త్రీని పది మార్లు త్రిప్పుకొనుచున్నారు. ఇది భక్తి కాదు. సూర్యుడు అస్తమింపకముందే కూలివాని కూలి ఇయ్యవలెనని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయమందున్నది. బిగపట్టిన కూలి మొరపెట్టుననియు, ఆ మొర సైన్యములకధిపతియగు ప్రభువు చెవిని చేరుననియు యాకోబు పత్రిక 5వ అధ్యాయమందున్నది. మన స్తుతికీర్తనలు ఆయన చెవికి చేరు దారినే ఆ మొరయు చేరును. రెండును ఒకే గుడినుండి వెళ్లినయెడల ఆయన మొదట దేనిని వినును?

2025 ఆగస్టులో తెలుగు సినిమా కార్మికులు నూటికి 30 వంతుల కూలి పెంపు కోరి రెండు వారములకు పైగా పని నిలిపివేసిరి. అది పట్నపువారి తగవని మనము అనుకొనవచ్చును. కాని నాట్లు వేసిన ఆడవారికి, కోత కోసినవారికి మనము సాయంకాలమే డబ్బు చేతిలో పెట్టుచున్నామా? ‘రేపు రండి’ అనుచున్నామా? ఆ రేపటిలో ఎంతమంది పిల్లలు ఆకలితో పడుకొనుచున్నారు?

వడ్లవాడైన రాజు

లోకములో రాజులందరు కట్టించినవారే. తన చేతులతో కట్టిన రాజు ఒక్కడే. ఆయన నజరేతులో వడ్లవాడు. ఆయన చేతులకు రంపపు పిడి తెలియును, చీలిక గ్రుచ్చుకొనుట తెలియును, కూలికొరకు గడపలో నిలుచుటయు తెలిసియుండును. తన యొద్ద పనిచేసినవాని కూలి ఆయన బిగపట్టలేదు. మన అప్పును సహితము తన రక్తముతో ఆయనయే చెల్లించెను. ఆయన మనలను సజీవమైన రాళ్లుగా కూర్చి ఒక మందిరమును కట్టుచున్నాడని పేతురు వ్రాసెను. అందులో డొల్ల స్తంభము లేదు, వెట్టి లేదు, పేరులేని రాయి లేదు. ఆ యింటి గడపలో భయపడి చెప్పులు చేతబట్టుకొనవలసిన పని ఎవరికిని లేదు. అది మన తండ్రి యిల్లు.

ఈ మాసము కుటుంబ ప్రార్థనలో ప్రతి యింటివారును రెండు పనులు చేయుడి. మొదటిది, మీ సంఘపు గుడిని తమ చేతులతో కట్టినవారి పేర్లు పెద్దలనడిగి తెలిసికొని, పిల్లలకు చెప్పి, ఆ పేర్లను ఒక కాగితముమీద వ్రాసి బైబిలులో నుంచుడి. రెండవది, మీరు ఎవరికైనను కూలి బాకీ యున్నయెడల, వచ్చు ఆదివారపు కానుక వేయకముందు అది చెల్లించుడి.

ప్రార్థన: వడ్లవాడైన మా ప్రభువా, మేము రాళ్లను చూచునప్పుడు వాటిని మోసినవారిని చూచు కన్నులిమ్ము. మా పిల్లలు అడుగు ప్రశ్నలకు సిగ్గుపడక జవాబు చెప్పు బ్రదుకు మాకిమ్ము. మా చేతిలో నిలిచిన యే కూలివాని కూలియు నీ యొద్ద మామీద మొరపెట్టకుండునట్లు మమ్మును నడిపించుము. ఆమేన్.